గుండుబల్లి గట్టు

ఏడో బర్రె బయటపడ్డాక దమయంతి తలమీది టోపీ తీసి నేలకేసి కొట్టింది.

"నీ డబ్బాకు బర్రెలంటే అంత ప్రేమ ఏందిరా ఫణీ?"

తమ్ముడు ఫణీంద్ర మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టిన పెట్టె ముందు గొంతుక్కూర్చుని, తెర మీద మెరుస్తున్న మచ్చల్ని చూస్తున్నాడు. పొద్దున ఐదింటికి మొదలుపెట్టిన పని. ఎనిమిదైంది. రోహిణి కార్తె ఎండ అప్పుడే వీపు మీద వాతలు పెడుతోంది. ప్రాణహిత ఒడ్డున, తుంగమడుగు అనే ఊరికి అరకోసు దూరంలో ఉన్న ఎర్రమట్టి గట్టు అది. వారం రోజులుగా ఆ గట్టులో వాళ్లకు దొరికినవి ఏడు బర్రెల ఎముకలు, రెండు కుక్కలవి, ఏ పండగలకో కోసిన మేకల పుర్రెలు లెక్కలేనన్ని. దొరకవలసింది మాత్రం దొరకలేదు.

దొరకవలసింది ఒక తలకాయ.

దమయంతి పురాజీవ శాస్త్రవేత్త. యాభై రెండేళ్లు. పన్నెండేళ్ల కిందట ఇదే గట్టు కింద, నది వదిలేసిన రాళ్లలో ఆమెకు అరచేతంత ఎముక ముక్క దొరికింది. ఒకవైపు నున్నగా వంపు తిరిగి కుండ పెంకులా ఉంది. కానీ కుండ పెంకు బెత్తెడు మందం ఉండదు. రెండు కాళ్ల మీద నడుస్తూ ఆకులలములు తిని బతికిన ఒక రాక్షసబల్లి నడినెత్తి ముక్క అది. ఆ జాతి జంతువులకు నెత్తిన ఎముక బోర్లించిన గిన్నెలా ఉబ్బి ఉంటుంది. ఆమె ఆ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. అలాంటి జంతువు ఈ ప్రాంతంలో ఎన్నడూ లేదన్నారు. ఆమె వ్యాసం శాస్త్ర పత్రికల నుంచి మూడుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి పేరు చెప్పని పెద్దమనిషి ఒకాయన, "ఇది నీటి ఒరిపిడికి నునుపుదేరిన రాయి అయి ఉండవచ్చు" అని రాశాడు. ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. పప్పు మాడినా, బస్సు తప్పిపోయినా దాన్నే తిట్టులా వాడేది.

ప్రతి వేసవీ వచ్చి ఆమె పోగేసినవి నాలుగు వెన్నుపూసలు, తుంటి ఎముకలో సగం, ఒక కాలి వేళ్లు. హైదరాబాదు ప్రయోగశాలలో రెండు అరలకు సరిపోయాయి. తల దొరికితే తప్ప జనం నోళ్లు మూతపడవు.

ఆ తల కోసమే ఫణీంద్ర యంత్రం తయారుచేశాడు. నేలలోకి సన్నటి అదురును పంపుతుంది అది. మట్టి ఒక తీరుగా అదురుతుంది, రాయి ఇంకో తీరుగా. ఎముక లోపల మాత్రం వెంట్రుకకన్నా సన్నటి గొట్టాల అల్లిక ఉంటుంది. కోట్ల ఏళ్లకు ఎముక రాయిగా మారినా ఆ అల్లిక చెరిగిపోదు. దానికి తగిన అదురు తగిలితే ఎముక ఎంత లోతున ఉన్నా తిరిగి పలుకుతుంది. ఆ పలుకు తెర మీద బొమ్మగా పడుతుంది. ఫణీంద్ర దీన్ని మొదట తన అపార్టుమెంటు తోటలో పరీక్షించాడు. బంతిచెట్ల కింద ఎముకలున్నాయని చెప్పి తవ్వించాడు. మూడో అంతస్తులో ఉండే రిటైర్డు బ్యాంకు ఆఫీసరు ఎవరికీ తెలియకుండా పాతిపెట్టుకున్న పెంపుడు కుక్క బయటపడింది. ఆయన ఇప్పటికీ లిఫ్టులో ఫణీంద్రతో మాట్లాడడు.

యంత్రానికి ఫణీంద్ర ఏదో సంస్కృతం పేరు పెట్టాడు. తుంగమడుగు కూలీలు దాన్ని మొదటి రోజే బొక్కల డబ్బా అన్నారు; అక్కడ బొక్కంటే ఎముక. ఆ పేరే నిలిచింది.

కూలీలు ఐదుగురు. వాళ్లకు పెద్ద లసుమవ్వ. నలభై ఎనిమిదేళ్ల మనిషి. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, రెండు చేతులా మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని నడిస్తే ఆ గాజులు మోగుతూనే ఉండేవి. మాట కటువు. దమయంతి వెతికే జంతువుకు పేరు పెట్టింది ఆమే.

"ఏం బల్లి అంటివి? గుండుదా? గుండుబల్లి అను, అయిపాయె. గంత పొడుగు పేరెవలు పలుకుతరు?"

తొమ్మిదో రోజు పొద్దున ఫణీంద్ర "అక్కా" అని పిలిచాడు. గొంతు ఎప్పటిలా లేదు.

దమయంతి వచ్చి తెర మీదికి వంగింది. గట్టు అంచుకు రెండున్నర గజాల లోపల, మూడు గజాల లోతున బోర్లించిన గిన్నె. దాని వెనక అంచున వరసగా చిన్నచిన్న బొడిపెలు. ముందు వైపు కంటి గుంట. కింద దవడ కూడా ఉన్నట్టుంది. ఆమె ఉన్నచోటే కూలబడింది. ఏడవలేదు, నవ్వలేదు. "నీటి ఒరిపిడికి నునుపుదేరిన రాయి" అని మాత్రం మెల్లగా అంది.

"అక్కా, ఇంకోటి కూడా ఉంది. పైన చూడు."

తలకు నేరుగా పైన, ఒకటిన్నర గజాల లోతున ఇంకో బొమ్మ. పక్కకు తిరిగి పడుకుని ఉంది. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నాయి. ఒక చెయ్యి తలమీద అడ్డంగా ఉంది. దమయంతి ఎముకలు చదవడంలోనే జీవితమంతా గడిపిన మనిషి. చూడగానే తెలిసిపోయింది. మగవాడు. ముప్పై దాటినవాడు. ఎడమ తొడ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. మీద పడుతున్న మట్టి నుంచి తల కాచుకోబోయాడు.

"పాతకాలందేమో" అంది, తనకే నమ్మకం లేకుండా.

"కాదు. బర్రెల్లాగే పలుకుతోంది. ముప్పై ఏళ్లు కూడా కాలేదు." ఫణీంద్ర యంత్రం ఆపేశాడు. "పోలీసులకు చెప్పాలి."

"చెప్తాం."

"ఎప్పుడు?"

"తల తీశాక."

"అక్కా."

"అక్కా లేదు, గిక్కా లేదు. పోలీసులు వస్తే గట్టు చుట్టూ తాడు కడతారు. తహసీల్దారు రావాలి, డాక్టరు రావాలి. వాళ్ల పని వాళ్లది, నేను తప్పు పట్టను. కానీ పదకొండు రోజుల్లో మృగశిర. ఒక్క పెద్ద వాన పడితే నది ఈ గట్టును కొరుక్కుతింటుంది. పోయినేడు ఎంత పోయిందో చూశావు కదా. ఆయన ఇన్నాళ్లు ఆగాడు. ఇంకో పది రోజులు ఆగుతాడు."

"ఆయనకు ఇంట్లోవాళ్లు ఉంటారు."

"నాకు ఈ గట్టులో పోసిన పన్నెండేళ్లున్నాయి."

ఫణీంద్ర యంత్రం తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. అక్క ఆ గొంతుతో మాట్లాడినప్పుడు వాదించి గెలిచినవాడు వాళ్లింట్లో లేడు.

కూలీలతో దమయంతి, పైన ఇంకో బర్రె ఉందనీ, దాని జోలికి పోవద్దనీ, నది వైపు నుంచి గట్టులోకి అడ్డంగా తవ్వుదామనీ చెప్పింది. తీసిన మట్టిని మాత్రం గట్టు మీదుగా అవతలికి మోయాలి.

"బర్రెలు మనల్ని ఇడిసిపెట్టయా ఏంది" అని లసుమవ్వ పార అందుకుంది.

ఆ బొమ్మలు కనబడ్డాక రెండో రోజు మధ్యాహ్నం అందరూ తుమ్మచెట్టు నీడలో సద్ది విప్పారు. ఫణీంద్ర పాదంలో ముల్లు దిగింది. నీళ్ల బాటిలు కోసం కుంటుకుంటూ పోతుంటే లసుమవ్వ చూసి నవ్వింది.

"మా ఆయన లెక్క నడుస్తున్నవు సారూ."

"ఆయన కాలికేమైంది?" అన్నాడు ఫణీంద్ర.

"తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. తొడ ఇరిగింది. పసరు కట్టు కట్టిపిస్తే వంకరగ అతికె. గప్పటిసంది ఎడమ కాలు ఈడ్సుకుంటనే నడిసెటోడు."

దమయంతి చేతిలో అన్నం ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

"ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగింది.

"నది అవుతలికి లేచిపోయిండు." లసుమవ్వ ఉల్లిగడ్డ కొరికింది. "ఇల్లు అలకాలె, సుద్దమట్టి తెమ్మన్న. తట్ట పట్టుకొని పోయిండు. ఇరవై రెండేండ్లాయె, ఇంక తెస్తనే ఉన్నడు. ఎవతితోనో పడవెక్కంగ మా బావ మొండయ్య జూసిండట. మా ఆయనకు సొంత అన్న ఆయన. అబద్దమెందుకు చెప్తడు?"

"వెతకలేదా?"

"ఎందుకు ఎతుకుత మేడం? ఆయన బట్టలన్ని పొయ్యిల బెట్టి నీళ్లు కాగబెట్టుకున్న. మూడేండ్ల పిల్లను పెట్టి పోయినోణ్ణి నేను ఎతుకుడేంది? లేచిపోయినోని బిడ్డ అని దానికి రెండు సంబంధాలు తప్పిపోయినయ్. మూడోది కుదిరినప్పుడు అల్లుని కాళ్లు మా బావ కడిగిండు. నేను తలుపెనుక నిలవడి జూసిన." ఆమె చెయ్యి కడుక్కుని లేచింది. "రాజలింగు అని పేరు. గా పేరు మా ఇంట్ల ఎవ్వలు ఎత్తరు. కుంటుతున్నవని ఇయ్యాల నోట్లెకెళ్లి ఎల్లింది."

ఫణీంద్ర అక్క ముఖం వైపు చూశాడు. ఆమె అన్నం ముద్దను తిరిగి గిన్నెలో పెట్టి, మూత పెట్టి, ఉలి తీసుకుని గట్టు వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం గుడారం దగ్గర ఇద్దరికీ మాటలు పెరిగాయి.

"ఇప్పుడు పేరు కూడా తెలిసింది. ఆవిడ రోజుకు నలభై సార్లు తట్ట మోసుకుంటూ మొగుడి మీద నుంచి నడుస్తోంది. నాకు చూడబుద్ధి కావట్లేదు."

"రెండు రోజులు ఫణీ. రెండే రోజులు. వెనక అంచు కనబడింది. రేపు ప్లాస్టరు కట్టు వేస్తా."

"ఇరవై రెండేళ్ల నుంచి తిడుతోంది ఆయన్ని."

"నాకు వినబడింది. నేను చెవిటిదాన్ని కాదు." ఆమె కుంచెలు కడుగుతున్న బకెట్టును అవతలికి నెట్టింది. "ప్రతి ఏడూ ఏదో ఒకటి. ఒకసారి జ్వరం, ఒకసారి అనుమతి, ఒకసారి నది. తీరా తల కనబడితే దాని నెత్తిన ఒక మనిషి. నేనేం పాపం చేశానురా?"

తమ్ముడు లేచి వెళ్లిపోయాడు.

నాలుగో రోజుకు గట్టులో సొరంగం మనిషి లోతైంది. చివర తేనె రంగులో నిగనిగలాడే ఎముక. వెనక అంచు జానెడు ముక్క అప్పటికే పగిలి విడిగా ఉంది. దమయంతి దానికి జిగురు పూసి, కాగితం తడిపి పరిచి, గోనెపీలికలు ప్లాస్టరులో ముంచి చుట్టి, ఫణీంద్ర చేతికందించింది. ఇక మిగిలింది అసలు తల. ఆమె పక్కనే లసుమవ్వ గొంతుక్కూర్చుని తట్టలోకి మట్టి ఎత్తుతోంది.

"ప్లాస్టరు గడ్డకడుతోంది. ఇంకో బకెట్టు నీళ్లు తెస్తావా?" అంది దమయంతి.

లసుమవ్వ గొణుక్కుంటూ బయటికి నడిచింది. పది అడుగులు వేసి ఉంటుంది. వెనక నుంచి బస్తా జారినట్టు మెత్తటి చప్పుడైంది.

తిరిగి చూస్తే సొరంగం మూతి సగం మూసుకుపోయింది. తను కూర్చున్న చోట మట్టి నడుమెత్తు పడి ఉంది. దాని వెనక ఎర్రటి దుమ్ములో దమయంతి దగ్గు వినబడింది. లసుమవ్వ బకెట్టు విసిరేసి ఉరికింది. పార కోసం చూడలేదు. రెండు చేతులతో మట్టి లాగిపోసింది. ఫణీంద్ర, మిగతా కూలీలు వచ్చేసరికి దమయంతి నడుము దాకా బయటపడింది. చంకల కింద చేతులు వేసి అందరూ కలిసి లాగారు. కాళ్లకు దెబ్బ తగల్లేదు. నోరంతా మట్టి.

లసుమవ్వ చేతుల నుంచి రక్తం కారుతోంది. నాలుగైదు గాజులు పగిలిపోయాయి.

"ఎవలు చెప్పిండ్లు నీకు గట్టు కింద బొరియ తొవ్వుమని? సదువుకున్నదానివేనా? మీదికెళ్లి తొవ్వితే ఏమైతది? సచ్చిన బర్రెకు గంత మర్యాదేంది, కాళ్లు మొక్కాల్నా దానికి?"

"అది బర్రె కాదు లసుమవ్వా."

ఫణీంద్ర కదలకుండా నిలబడ్డాడు.

"మనిషి. మగమనిషి. ఎడమ తొడ విరిగి వంకరగా అతికి ఉంది."

లసుమవ్వ గట్టును, పైనున్న నడకదారిని, మళ్లీ గట్టును చూసింది. గట్టు మధ్యలో తెల్లటి సుద్ద చార ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు సాగి ఉంది.

"ఎప్పుడు ఎర్కైంది నీకు?"

"మనిషని నాలుగు రోజుల కింద. ఎవరన్నది మొన్న."

"నేను చెప్పినప్పుడు."

"అవును."

"నాలుగొద్దులు ఆయన మీదికెళ్లి నాతోని తట్టలు మోపిచ్చినవ్."

లసుమవ్వ చేతులు కడుక్కోలేదు. గట్టెక్కి వెళ్లి, ఎక్కడని అడగకుండానే, తాము నడిచీ నడిచీ నున్నగా చేసిన దారి మధ్యలో కూర్చుంది. పోలీసులు వచ్చేదాకా అక్కణ్నుంచి లేవలేదు.

ఫణీంద్ర ఫోను చేస్తే ఎస్సై గంటలోపే వచ్చాడు. తాడు కట్టారు. మర్నాడు తహసీల్దారు, ఆ మర్నాడు డాక్టరు వచ్చి, పై నుంచి జాగ్రత్తగా తవ్వించారు. ఎముకల పక్కన తుప్పు పట్టిన పార, తట్టకుండే ఇనుప అంచు దొరికాయి. కుడిచేతి వేళ్ల మధ్య సుద్దగడ్డ ఒకటి అలాగే ఉంది. అది చూసి లసుమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రానివ్వలేదు. మొండయ్య ఆ రెండు రోజులూ ఇంట్లోంచి బయటికి రాలేదని కూలీలు చెప్పుకున్నారు.

"మీరు మొదట ఎప్పుడు చూశారు మేడం?" అని వచ్చిన రోజే ఎస్సై దమయంతిని అడిగాడు.

ఇవాళే చూశానంటే సరిపోయేది. యంత్రం సంగతి అతనికి తెలియదు. ఫణీంద్ర నోరు మెదపడు, కూలీలను అతను అడగలేదు.

"నాలుగు రోజుల కింద" అంది. అతను రాసుకున్నాడు.

ఏడో రోజు సాయంత్రం తాడు విప్పుకోవచ్చని కబురొచ్చింది. ఎనిమిదో రోజు తెల్లవారుతూనే, మృగశిర ఇంకా మూడు రోజులుందనగా, పడమట నుంచి మబ్బు కమ్మింది. వాన రెండు రోజులు వదలకుండా కురిసింది. దమయంతి గొడుగు కూడా లేకుండా ఎదురుగా ఉన్న రాతి మీద నిలబడి చూసింది. మొదట పైన తవ్విన గుంతలో నీళ్లు నిండాయి. తర్వాత సొరంగం కూలింది. తర్వాత ఇల్లంత గట్టు ముక్క ఒకటి, ఎద్దు మోకరిల్లినట్టు ముందుకు వంగి, నదిలోకి దిగిపోయింది. నీళ్లు ఎర్రగా మారి, కాసేపటికి మళ్లీ మామూలు బురద రంగుకు వచ్చాయి.

"పద అక్కా" అన్నాడు ఫణీంద్ర.

"ఒక్క వారం. ఒక్క వారం అడిగానురా ఈ నదిని."

హైదరాబాదులో ప్లాస్టరు కట్టు విప్పారు. జానెడు పొడవున్న అంచు. దాని మీద మూడు బొడిపెలు. చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా ఉంది. దమయంతి దాన్ని కొలిచి, ఫొటోలు తీసి, తెర మీద పడిన తల బొమ్మతో కలిపి వ్యాసం పంపింది. నెల తిరక్కుండానే జవాబొచ్చింది. అంచు ముక్క ఆసక్తికరంగా ఉందట. యంత్రం చూపిన బొమ్మను మాత్రం ఆధారంగా తీసుకోలేమట. యంత్రమే కొత్తది కదా అని రాశారు. ఆమె పనిచేసే సంస్థ నుంచి ఇంకో కాగితం వచ్చింది. నాలుగు రోజులు ఎందుకు దాచారో వివరణ ఇమ్మనీ, విచారణ ముగిసేదాకా తవ్వకాలకు వెళ్లవద్దనీ. ఆమె రెండు కాగితాల్నీ ఒకే ఫైలులో పెట్టి, ఆ ఫైలును గట్టిగా మూసింది.

ఈలోగా రాజలింగు సంగతి, అతన్ని చూపిన యంత్రం సంగతి పేపర్లో పడ్డాయి. ఆ ఆదివారం తమ్ముడి ఇంటికి వెళితే అపార్టుమెంటు మెట్ల మీద జనం కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో ఫొటోలు. వాచ్‌మన్ ముసలివాళ్లకు కుర్చీలు వేస్తున్నాడు. బావిపనికి వెళ్లి తిరిగిరాని తండ్రి. వరద తగ్గాక కనబడని చెల్లెలు. జాతరకు పోయి మాయమైన కొడుకు. ఒకావిడ మాత్రం మూడు రోజులుగా గేటు దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతోందట. వెతికితే దొరుకుతాడేమోనని భయం ఆమెకు.

ఫణీంద్ర పెట్టెను దుప్పట్లో చుట్టి కట్టుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అంది దమయంతి.

"మొదట ఆ బావి దగ్గరికి. తర్వాత మిగతావి."

"మరి నా పని? నది దిగువన ఇంకో నాలుగు గట్లున్నాయి. అదే మట్టి, అదే పొర. విచారణ ఎన్నాళ్లుంటుంది, మూడు నెలలు. తర్వాత నాకు ఆ డబ్బా కావాలి. ఎవరి కోసం చేశావురా దాన్ని?"

"నీ కోసమే చేశాను." తాడు ముడి బిగించాడు. "ఇంకో తల ఎక్కడో ఉంటుంది. ఇన్ని కోట్ల ఏళ్లు ఆగింది. ఇంకో రెండేళ్లు ఆగుతుంది."

అలా మాట్లాడటం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆమెకు తెలుసు. కోపంతో తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, పెట్టెకు రెండో వైపు పట్టింది. ఒక్కడివల్ల అయ్యే బరువు కాదు. ఇద్దరూ దాన్ని మెట్ల మీద నుంచి కిందికి మోశారు. కూర్చున్నవాళ్లు లేచి దారిచ్చారు.

పరీక్షలన్నీ అయి రాజలింగు ఎముకలు ఇంటికి చేరేసరికి ఆషాఢం వచ్చింది. పదకొండో రోజు దినాలని కూలీల్లో ఒకామె ఫోను చేసి చెప్పింది. లసుమవ్వ పిలవమనలేదని కూడా చెప్పింది. వెళ్లొద్దని ఫణీంద్ర అన్నాడు. దమయంతి తెల్లారి బస్సెక్కింది.

తుంగమడుగులో లసుమవ్వ వాకిలి నిండా జనం. పందిరి కింద చాపలు పరిచారు. ఒక మూల పెద్ద ఇత్తడి గంజుల్లో వంట దిగుతోంది. దమయంతి చివర, గోడ పక్కన నిలబడింది. కొందరు గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నారు.

లసుమవ్వ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. కూతురు వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ముత్తయిదువులు పక్కకు తప్పుకున్నారు. ముగ్గురు ముసలి విధవరాళ్లు లేచి ఆమె దగ్గరికి వచ్చారు. బొట్టు తుడవాలి, గాజులు పగలగొట్టాలి. వాళ్లలో పెద్దావిడ చెయ్యి పట్టుకోబోయింది. లసుమవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆగు అత్తా. నేను తీయనంటలేను. జర ఆగు."

వాకిలి సద్దుమణిగింది.

"ఇరవై రెండేండ్లు గీ గాజులను జూసి నవ్విండ్లు. మొగడు లేచిపోయినా సోకు తగ్గలేదన్నరు. తీసేస్తనంటే, మొగడు బతికుండంగ తీస్తదా అన్నరు. బాయి కాడ అన్నరు, నాట్ల కాడ అన్నరు, నా బిడ్డ పెండ్లిల అన్నరు. ఇయ్యాల పగలగొట్టుమంటున్నరు. పగలగొట్టుకుంట. కని ముందుగాల ఒక్కలన్న లేచి తప్పయిందని చెప్పుండ్లి. ఆయన లేచిపోలేదు, నా ఇల్లు అలకతందుకు సుద్ద తేవోయి సచ్చిపోయిండని నోరు తెరిచి చెప్పుండ్లి. గంతే. ఇంకేమొద్దు నాకు."

ఎవరూ లేవలేదు. మగవాళ్లు చాపల అంచుల్ని చూస్తున్నారు. ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటున్నారు. వంట దగ్గర గంటె చప్పుడు కూడా ఆగింది. పెద్దావిడ "ఇది తీరు కాదు బిడ్డా, పొద్దు పోతున్నది" అని విసుక్కుంది. లసుమవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

దమయంతి గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చింది. అంతమంది మధ్య నుంచి నడిచి పీట ముందుకు చేరింది.

"తప్పయింది లసుమవ్వా. నేను నీకు చెప్పాల్సింది. ఆ రోజే చెప్పాల్సింది. నా స్వార్థం చూసుకున్నాను."

లసుమవ్వ తలెత్తి ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో మెత్తదనం లేదు.

"నీది నాలుగొద్దులదే" అంది. "కూసో. బువ్వ తిని పో."

దమయంతి ఉన్నచోటే, మట్టిలో కూర్చుంది.

తర్వాత మగవాళ్ల వరసలో, గుంజకు ఆనుకుని కూర్చున్న మొండయ్య మెల్లగా లేచాడు. డెబ్బై దాటిన మనిషి. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను సూడలే" అన్నాడు నేలకేసి చూస్తూ. "పడవ సూడలే. ఎవతినీ సూడలే. తట్ట పట్టుకొని గట్టు దిక్కు ఒక్కడే పోవుడు సూసిన. మల్ల రాలే. ఊరంత వచ్చి నన్నడుగుతుంటే ఏం చెప్పాలె? ఏదో ఒకటి చెప్పిన. చెప్పినంక ఎనుకకు తీసుకుంటందుకు నోరు రాలే."

వెనక వరసల్లోవాళ్లు ఏమన్నాడని పక్కవాళ్లను అడుగుతున్నారు. కూతురి చెయ్యి తల్లి భుజం మీద బిగుసుకుంది.

"గట్టిగ చెప్పు బావా" అంది లసుమవ్వ. "అందరికి ఇనవడలే. మల్ల మొదటికెళ్లి చెప్పు."

మొండయ్య గొంతు సవరించుకుని, తలెత్తి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.